మూలన తెల్లగీత

"ఆ లెన్సు బాగు చేయించకు బిడ్డా," అన్నాడు నర్సప్ప, స్టూడియో గడప దాటుతూనే.

వెస్లీ అట్టడబ్బాకు టేపు అంటిస్తున్నాడు. లోపల పాత రష్యా లెన్సు ఉంది. దాని ముందు అద్దానికి గాటు పడింది. అద్దం మార్పించడానికి మధ్యాహ్నం బస్సులో హైదరాబాద్ పంపాలి.

"నీకెవరు చెప్పిన్రు కాకా?"

"ఛాయ్ హోటలాయన. నువ్వు బయట పెట్టిన ఫొటో చూసి అడిగిన. గా అల్లం తవ్వే అవ్వది."

జహీరాబాద్‌లో ఆ ఫొటో ముందు ఆగని వాళ్ళు లేరు. అవ్వ కళ్ళు తడిగా, తేటగా పడ్డాయి. ముడతలు ముడతలుగానే ఉన్నా కరుకు లేదు. వెనక చెరుకు ఆకులు మెత్తగా సుడి తిరిగాయి. కొత్త లెన్సులతో వెస్లీ ఎంత ప్రయత్నించినా అలా రాలేదు. కానీ పక్క వెలుతురు తగిలితే గాటు మెరిసి, ఎడమ మూలన గోరంత తెల్లగీత పడుతుంది.

"ఆ గీత నా తప్పు కాకా. ఆ దినం కిటికీ మూసుడు మరిచిన."

నర్సప్ప సంచిలోంచి తువ్వాలు తీసి విప్పాడు. లోపల చట్రం కట్టిన నలుపు తెలుపు ఫొటో. పద్దెనిమిదేళ్ళ పిల్ల కనుబొమ్మలు ముడిచి చూస్తోంది. ఎడమ మూలన తెల్లగీత. అదే వాలు, అదే పొడవు.

వెస్లీ ఫొటోను వెలుతురు వైపు తిప్పాడు. "గీ లెన్సుతోనే తీసిన్రు కాకా ఇది. బీదర్ల పాత సామాన్ల దుకాణంల దొరికింది నాకు."

"నా పెండ్లాం శివమ్మ. పోయిన శ్రావణంల పోయింది. ఇద్దరం కలిసి ఒక్క ఫొటో దిగలే. నాది గూడ దాంతోనే తియ్యి, పక్కపక్కకు పెట్టుకుంట. గాటు తీసేసినంక ఏం ఫాయిదా? ఆ గీత పడాలె."

వెస్లీ టేపు చింపాడు. లెన్సును కొత్త కెమెరాకు బిగించాడు.

"కిటికీ సగమే తెరువు," అన్నాడు నర్సప్ప. "స్టూలు గోడకు జర దూరం జరుపు."

తానే కూర్చుని, భుజం కిటికీ వైపు తిప్పి, గడ్డం వేలెడు దించాడు. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. చేతి వెనక పాత మచ్చ ఉంది. వెస్లీ మెల్లగా ఫోకస్ రింగు తిప్పుతుంటే, "కంటి మీద ఆపు, ముక్కు మీద కాదు," అన్నాడు.

"నాకే నేర్పుతున్నవా కాకా," అని నవ్వి, వెస్లీ బటన్ నొక్కాడు.

తెర మీద ఫొటో చూసి అతని నవ్వు ఆగిపోయింది. మట్టిలో పని చేసిన మొహం, పిల్లవాడి కళ్ళు. మూలన తెల్లగీత.

"పదేండ్ల సంది తీస్తున్న. ఇసుంటిది రాలే."

ప్రింటు తీసి శివమ్మ ఫొటో పక్కన పెట్టాడు. ఒకే పూట, ఒకే కిటికీ దగ్గర కూర్చున్నట్టు ఉన్నారు ఇద్దరూ. డబ్బా మీద రాసిన హైదరాబాద్ చిరునామాను వెస్లీ కొట్టేశాడు.

"ఈ ఫొటోల శివమ్మవ్వకెందుకు కాకా అంత కోపం?"

"సంబంధం వాళ్ళకు పంపే ఫొటో అది. మొహం సక్కగ పెడ్తనని ఫొటోలాయన గడ్డం ముట్టిండు. ఒక్కటి వేసింది. చేతి కడెం వాని చెయ్యి గీరి, కెమెరాకు తాకింది. అద్దానికి గాటు అప్పటిదే. ఆ వెంటనే, గా కోపంలనే పడ్డ ఫొటో ఇది."

"మంచిగైంది వానికి. మరి ఫొటో చూసి పెండ్లికొడుకువు నువ్వు ఒప్పుకున్నవా?"

"పెండ్లికొడుకు ఇంటికి అది పోనే లేదు బిడ్డా," అన్నాడు నర్సప్ప, చేతి వెనక మచ్చ నిమురుకుంటూ. "కొట్టించుకున్నోడే దాసిపెట్టుకున్నడు. నలభై మూడేండ్లకు ఇయ్యాల నీకు చూపిస్తున్నడు."