నవలల అల్మరా

"నవల అని కొట్టెయ్ తల్లీ, పీడా పోతుంది," అన్నాడు మొంజీ, పొద్దుట్నుంచి ఎనిమిదోసారి.

రౌధా కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. స్ఫాక్స్ నగర గ్రంథాలయంలో ఇరవై ఏళ్లుగా ఏ పుస్తకం ఏ వర్గంలోకి వస్తుందో రాసేది ఆమే. ఏ పుస్తకం దగ్గరా ఆమె ఇలా ఆగిపోలేదు.

దీన్ని రాసింది తయ్యిబ్ అనే ముసలాయన. పాత ప్రభుత్వం రోజుల్లో ఆరేళ్లు జైల్లో మగ్గాడు. సగం పుస్తకం తనను రోజూ హింసించిన ఒక అధికారి గురించే. కళ్లకు గంతలు కట్టేవారు కాబట్టి ముఖం తెలియదు. పేరూ తెలియదు. వాడి చేతులకు నారింజ పూల నీళ్ల వాసన. మురికినీళ్లు నోట్లో పోసేముందు, ముద్దలు తినిపిస్తూ పసిపిల్లలతో అన్నట్టు ముద్దుగా, "పడవ వస్తోంది, రేవు తెరువు" అనేవాడట.

అది చదివినప్పటి నుంచి రౌధాకు ఇంట్లో నాన్న ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగడం లేదు.

మొంజీ అక్కడందరి అలవాటు ప్రకారం కాఫీలో నాలుగు చుక్కలు నారింజ పూల నీరు వేసి ఆమె ముందుకు జరిపాడు. ఆ వాసనకు ఆమె కుర్చీ వెనక్కి లాక్కుంది.

"రూలు నీకు తెలియనిదా? ఎవరి మీద నేరం మోపారో వాడి పేరు లేకపోతే ఆత్మకథల్లో చేర్చం. రేపు ఎవడైనా కోర్టుకెక్కితే మన ఉద్యోగాలు ఊడతాయి."

"ఆయన వీపు చూశారా మీరు?"

"వీపులు చూసి వర్గాలు రాస్తామా?"

ఛీ, ఇతనూ ఒక లైబ్రేరియనే! ఆ కాఫీ తీసి అతని ముఖాన కొట్టాలనిపించింది ఆమెకు.

అంతలో తయ్యిబే వచ్చాడు. వారం నుంచి రోజూ వస్తున్నాడు.

"ఏ అల్మరాలో పెట్టారమ్మా?"

"ఇంకా తేలలేదు బాబాయ్."

"నవలంటున్నారటగా. నన్ను అబద్ధాలకోరు అనండి, పడతాను. కల్పన అని మాత్రం రాయకండి తల్లీ. ఆరేళ్లు కల్పించేంత తెలివి నాకెక్కడిది?"

రౌధా ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

"పెద్దాయనా, వాడి పేరు చెప్పు, ఇప్పుడే ఆత్మకథల్లో చేర్చేస్తాం," అన్నాడు మొంజీ. "లేదా ఆ పేరు తెలిసినవాణ్ని ఒక్కణ్ని తీసుకురా. ఉన్నాడా?"

ముసలాయన తల దించుకుని తలుపు వైపు నడిచాడు.

"ఆగండి బాబాయ్," అంది రౌధా.

వర్గం దగ్గర 'ఆత్మకథ' అని టైపు చేసింది. దాని కింద నిందితుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. మొంజీ ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

"ఏం రాస్తావే అందులో?"

ఆ గడిలో రౌధా తన తండ్రి పేరు పూర్తిగా టైపు చేసింది.