ఊడిపోయే చెప్పులు

"మల్ల ఊడింది బిడ్డా."

ఆ గొంతు వినగానే రాజారాంకు ఒళ్లు మండింది.

బోధన్ బస్టాండు ఎదుట అతనిది చెప్పుల దుకాణం. రబ్బరు అతికించడంలో అతనికి మంచి పేరుంది. ఈ గంగుబాయి చెప్పుల మెత్తటి పొర మాత్రం నెల తిరక్కుండానే అంచు లేచి వస్తుంది. ఆమెది ఏ ఊరో కూడా అతను ఎన్నడూ అడగలేదు.

"రెండు దిక్కుల సొల్యూషన్ రాసి, ఆరినంక ఒత్తి అతికిచ్చిన. ఏం జేస్తున్నవవ్వా వీటిని?"

ఆమె చేతులు కొంగులో దాచుకొని నవ్వింది.

"ఇంకొక్కసారి అతికియ్యి. నిమ్మలంగ కానియ్యి, కూసుంట."

"ఏం రాజన్నా, నీ అతుకు గింతేనా?" పక్కనున్న గిరాకీ నవ్వాడు.

రాజారాం మొలల డబ్బా అందుకున్నాడు.

ఆమె ముఖం వాడిపోయింది. "మొలలొద్దు బిడ్డా. అతికిస్తె పొరంత పట్టుకుంటది, బరువు కాలంతట పడ్తది. మొల ఒక్క జాగలనే పొడుస్తది. నా కాళ్లకు స్పర్శ లేదు. గుచ్చుకున్నా నాకెర్క గాదు."

"సరే, కొట్టను తియ్యి."

ఆమె అటు తిరగగానే అడుగు నుంచి మొలలు దిగ్గొట్టాడు. మొనలు మెత్తటి పొరలో మునిగి పైకి కనిపించలేదు.

తర్వాత ఆమె రాలేదు. పీడ పోయిందనుకున్నాడు.

చెరుకు బండ్లు మొదలైన రోజుల్లో ఒక ఆయమ్మ వచ్చింది. ఊరవతల కుష్ఠు దవాఖానలో పనిచేసే జ్ఞానమ్మ. ఆ చెప్పులు అతని ముందు పెట్టింది. పొర ఎక్కడా లేవలేదు. దానిమీద నెత్తురు ఎండి నల్లబడింది.

"మొలలు దిగినయి. మేం సూసేటాల్లకు కాలు కుళ్లింది. నిన్న పాణం పోయింది."

రాజారాం ఆ చెప్పులను పక్కకు నెట్టాడు.

"మీ దవఖానల చెప్పులియ్యరా? నా దగ్గరికి ఎందుకొచ్చింది?"

"ఎందుకియ్యం? మేమే అతికిచ్చి ఉత్తగనే ఇస్తం. ఆమె తీసుకోకపోయేది. నువ్వు అతికిచ్చినయి ఎన్నడు ఊడలేదు. చెంచా పెట్టి ఆమెనే అంచు లేపేది. ఎందుకట్ల అని అడిగితె, ఊడకపోతె మల్ల ఎట్ల పోవాలె అనేది."

"నా కాడికా?"

జ్ఞానమ్మ అతని కళ్లలోకి చూడలేకపోయింది.

"నీకు రెండేండ్లున్నప్పుడు మీ బాపు ఆమెను దవఖానల దింపిండు. తల్లి సచ్చిపోయిందని నీకు చెప్పుమన్నది గూడ ఆమెనే."