ఎర్రన్న పేరు మీద రక్తం

తన పేరు చెప్పి, తన బదులు పరీక్షకి రక్తం ఇచ్చి రమ్మని ఎర్రన్న బావమరిది అప్పలస్వామిని బతిమాలుకున్నాడు.

ఎర్రన్న ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి. బస్తా ఎత్తి లారీలో పడేస్తాడు గాని సూది చూస్తే చెమటలు పడతాయి. మూడు నెలల కిందట ఎడమకాలు వాచిపోతే శ్రీకాకుళంలో నలుగురు పట్టుకుని రక్తం తీశారు. ఊరికే రక్తాన్ని గడ్డకట్టించే యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. పన్నెండు వారాలయ్యాక మళ్లీ పరీక్ష చేస్తేగాని జబ్బు ఖాయమో కాదో చెప్పలేనని, అప్పటిదాకా మాత్రలు మానొద్దని డాక్టరు పద్మకుమారి చెప్పింది.

గడువు దాటి పది రోజులైంది. భార్య భాగ్యవతి రోజూ పోరుతోంది. అప్పలస్వామి గుండ్రాయిలా ఉంటాడు కాబట్టి వాడి రక్తంలో ఏమీ ఉండదని, ఆ కాగితం చూపిస్తే భార్య నోరు మూస్తుందని ఎర్రన్న ఆలోచన.

అప్పలస్వామి చాలాసేపు నసిగి, చివరికి ఒక్కడే ఆటో ఎక్కాడు.

నాలుగో రోజు వచ్చి, మడతపెట్టిన కాగితం బావ చేతిలో పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. కాగితం మీద ఎర్రన్న పేరు. కింద పాజిటివ్. మిగతాది ఎర్రన్న చూడలేదు.

"నాకూ ఉన్నాదట బావా. నిన్నటి నుంచి కాలు లాగతన్నాది" అన్నాడు.

ఎర్రన్నకి అన్నం సహించలేదు. మందులు తన పేరున రాస్తారు. వీడి సంగతి డాక్టరుకి తెలియనే తెలియదు. వీడి కాల్లోనూ గడ్డకట్టి, అది ఊపిరితిత్తుల దాకా పోతే?

మర్నాడు పొద్దున్నే బావమరిదిని లాక్కుని శ్రీకాకుళం వెళ్లాడు. డాక్టరు ముందు నిలబడి చేసిన మోసమంతా ఒప్పుకున్నాడు. మందు వీడికి రాయమని బతిమాలాడు.

పద్మకుమారి కోప్పడలేదు. అయితే మీ రక్తం నాకింకా అందనట్టే కదా అంది.

"తియ్యండమ్మా. ముందు ఆడిని సూడండి" అంటూ ఎర్రన్న చెయ్యి చాపి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూడు గొట్టాలు నింపారు. కిక్కురుమనలేదు.

దూది నొక్కిపట్టుకుని బయటికొచ్చి, బెంచీ మీదున్న అప్పలస్వామి భుజం తట్టాడు.

"నువ్వూ ఎల్లి ఇచ్చీరా. ఏటీ అవదు, సీమ కుట్టినట్టుంటాది."

అప్పలస్వామి కదల్లేదు.

"నా రగతం ఎవులూ తియ్యనేదు బావా. ఆ కాయితం నీ కాలు వాసినప్పటిదే, అక్క బీరువాలోంచి తీసిచ్చినాది."