రెండు చేతుల ఆట

సంగయ్య బజారు వెంట ఉరుకుతున్నాడు. చేతిలో చక్కెర పొట్లం, కాలికి ఒక్కటే చెప్పు.

“ఇంకో చెప్పేది కాకా?”

“చెప్పేదేమున్నదిరా. మా మనుమడు నిలబడ్డడు.”

ఎనభైలో వచ్చిన పెద్ద గ్రహణం అప్పుడే విడిచింది. జహీరాబాద్‌లో మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. తెరిచినవాళ్లు తెరిచినట్టే సంగయ్య వెనక నడిచారు.

సంగయ్య దుకాణానికి కబురు తెచ్చింది పక్కింటి గిరిజమ్మ. గ్రహణంలో తలుపేసుకుని కూర్చుంటే, గోడ అవతల నుంచి సంగయ్య పెండ్లాం బసమ్మ మాట వినబడిందట.

“చూడవే మణెమ్మా, నీ కొడుకు ఎట్ల నిలబడ్డడో.”

మనుమడు వీరేశానికి ఏడాది నిండకముందే జ్వరం వచ్చింది. పోతూ పోతూ కాళ్లను వెంట తీసుకుపోయింది.

“కాలమొస్తే కాలొస్తది,” అని సంగయ్య అందర్నీ నవ్వించేవాడు.

కోడలు మణెమ్మ నవ్వేది కాదు.

నేల మీద కూర్చోబెడితే వాడు ఒక చెయ్యి ఆనించుకుని ఒరిగేవాడు. ఆటకు మిగిలేది ఒక్క చెయ్యే. డబ్బా పడితే మూత అందదు. మూత పడితే డబ్బా దొర్లిపోతుంది.

సంగయ్య పెరట్లోకి వచ్చి ఆగిపోయాడు.

వీరేశం నిలబడే ఉన్నాడు.

గుంతలో. ఛాతీ దాకా మట్టి.

గ్రహణం పట్టినంతసేపు ఇలా నిలబెట్టి మట్టి కప్పితే, కాళ్లు రాని పిల్లలకు కాళ్లొస్తాయని ఆ పక్క నమ్మకం. సంగయ్యకు చెబితే నవ్వులాట చేస్తాడని ఆడవాళ్లు చెప్పలేదు.

వాడి రెండు చేతులూ పైనే ఉన్నాయి. ఒక చేత డబ్బా, ఒక చేత మూత.

మూతతో మట్టి ఎత్తి డబ్బాలో పోస్తున్నాడు. బోర్లిస్తున్నాడు. మూతను నెత్తిన పెట్టుకుంటున్నాడు. అది జారితే కిలకిల నవ్వుతున్నాడు.

“గ్రహణం విడిచింది. ఇగ తీద్దాం,” అని బసమ్మ మట్టి తోడింది.

మణెమ్మ కొడుకును చంకల కింద పట్టి పైకి లేపింది. కాళ్లు వేలాడాయి. నేలకు ఆనించింది. మడతపడ్డాయి.

మళ్లీ ఆనించింది.

వాడు ఏడుపు అందుకున్నాడు. రెండు చేతులూ గుంత వైపే చాచాడు.

వెంట వచ్చినవాళ్లు ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు.

సంగయ్య మనుమణ్ణి అందుకున్నాడు. మెల్లగా గుంతలోకి దించాడు. మట్టి మళ్లీ చుట్టూ తోసి అరచేత్తో ఒత్తాడు.

“ఇగ ఎందుకు, విడిచిపాయె గదా,” అంది బసమ్మ.

మూత చేతికందగానే ఏడుపు ఆగింది.

సంగయ్య చేతులు దులుపుకుని అందరి వైపు తిరిగాడు.

“నిలబడలే. మట్టి వాన్ని పట్టుకున్నది, గంతే. ఆడుకుంటుండు.”

పొట్లం విప్పాడు.

“తీసుకోరి. నోరు తీపి చేసుకోరి.”