నిరూపణ పూర్తయిన తలుపు

కరెంటు పోయింది. అయినా ప్రొఫెసర్ శ్యాంసుందర్ ఉపన్యాసం ఆగలేదు.

ఆయన శిష్యురాలు లిడియా లాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది. బల్ల లేదు, కుర్చీలు అసలే లేవు. ఉన్న వెలుతురల్లా ఆ తెరదే. ఆదిలాబాద్ ఎండాకాలపు ఉక్కకు అందరి బట్టలూ వీపులకు అతుక్కుపోయాయి. ఎదురుగా ఆసుపత్రి సూపరింటెండెంట్ కరుణాకర్, పక్కన హెడ్ నర్సు సక్కుబాయి. రోగులను తీసుకెళ్లే లిఫ్టులన్నిటికీ ప్రొఫెసర్ బృందం రాసిన సాఫ్ట్‌వేర్ పెట్టాలా వద్దా అన్నది కరుణాకరే తేల్చాలి.

"అందరూ సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూసి, బాగుందంటరు. మేం అట్ల కాదు. తప్పు జరిగే వీలే లేదని గణితంతో నిరూపిస్తం," అన్నాడు ప్రొఫెసర్. "మా లిఫ్టు తలుపు రెండంతస్తుల నడుమ తెరుచుకోదు. ఎన్నటికీ తెరుచుకోదు!"

"అగబాయీ!" అంది సక్కుబాయి, అమ్మో అన్నట్టు మరాఠీలో.

ప్రొఫెసర్ దాన్ని మెచ్చుకోలుగా స్వీకరించాడు. తన సర్వీసులో ఇంత మంచి శ్రోతలు ఆయనకు ఎప్పుడూ దొరకలేదు. ఒక్కరూ మధ్యలో జారుకోలేదు. ఒక్క ఫోనూ మోగలేదు.

కరుణాకర్‌కు బీపీ ఉంది. గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు లిడియాతో. "గీ నిరూపణల ఏమన్న కమీ ఉన్నదా?"

"ఏ కమీ లేదు," ప్రొఫెసర్ అందుకున్నాడు.

"నేను ఆమెను అడిగిన సార్."

లిడియా పీహెచ్‌డీ ఈ ప్రొఫెసర్ చేతిలోనే ఉంది. కాగజ్‌నగర్‌లో బాపు 'మా బిడ్డ డాక్టరైంది' అని చర్చిలో ముందే చెప్పేసుకున్నాడు కూడా.

కానీ కరుణాకర్ ఆయాసం ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది.

"తెరుచుకోవద్దన్నప్పుడు తెరుచుకోదని నిరూపించినం సార్. తెరుచుకోవాలన్నప్పుడు తెరుచుకుంటదని నిరూపించలే. అది గూడ చేద్దామన్న. వచ్చే ప్రాజెక్టుల చూద్దాం తియ్ అన్నరు మా ప్రొఫెసర్ గారు."

"అది వేరే పరిశోధన!" ప్రొఫెసర్ గొంతు పెంచాడు. "మేం చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమా, కాదా? ఒక్క తప్పు చూపెట్టుండ్రి!"

"నిజమే," అన్నాడు కరుణాకర్, చొక్కా గుండీలు విప్పుకుంటూ. "గందుకే వద్దంటున్న. రెండోది గూడ నిరూపించినంక ఈ బిడ్డనే పంపుండ్రి. అప్పుడు మాట్లాడుదాం."

లిడియాకు భయం పోలేదు. గుండె మాత్రం తేలికపడింది. సక్కుబాయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ప్రొఫెసర్ ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. ఆయన తర్వాతి స్లయిడ్ వెయ్యమంటుండగానే ఫైర్ ఇంజన్ వాళ్లు తలుపు కోసి, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ మధ్యాహ్నం నుంచి ఇరుక్కుపోయిన, ఆయన సాఫ్ట్‌వేర్‌తోనే నడిచే లిఫ్టులోంచి నలుగురినీ బయటికి లాగారు.