గోడకు మూడు దెబ్బలు

అరవై తొమ్మిది వేసవిలో గొడవలకు యూనివర్సిటీ మూసేశారు. ఖాళీ హాస్టల్‌కు రాజలింగు, ఇన్నయ్య రాత్రి కావలి. తార్నాక నుంచి ఇన్నయ్య తెచ్చిన రొట్టెలు తింటున్నారు. వరండా చివరి గదిలో ఎవరో గోడను మూడుసార్లు కొట్టారు. కాసేపటికి దాని ఇవతలి గదిలో.

“ఎవడో పోరడు దాక్కున్నడే, కాకా,” అన్నాడు ఇన్నయ్య.

“అన్నిటికి నేనే తాళమేసిన.” రాజలింగు రొట్టె పక్కన పెట్టాడు. “గిది ఇటలీ లడాయిల కెనడోళ్ల పద్ధతి. వాళ్లకు మందుగుండు మోసిన గద నేను. బజార్ల నడిస్తే జర్మనోళ్లు కాలుస్తరని, గోడలకు బొక్కలు కొట్టి ఇంట్లకెల్లి ఇంట్లకు పోయెటోళ్లు. ముందుగాల మూడు దెబ్బలు కొట్టాలె. అవుతల మనోడుంటే మల్ల మూడు కొడ్తడు. కొట్టకుంటే బొక్కలకెల్లి బాంబేసుడే.”

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి రెండు గదుల అవతల.

“ఒకసారి నేను కొట్టిన. జవాబు రాకముందే బాంబు పిన్ను గుంజి ఏసిన. పొగ పోయినంక చూస్తే మా కెనడా దోస్తే. పేగులు గచ్చు మీద పడ్డయి. తెగిన చెయ్యి గోడ కాడ ఉన్నది, పిడికిలి బిగించే ఉన్నది. జవాబు కొట్టబోయిండు, ఇన్నయ్యా. నేనే ఆగలే.”

వాళ్ల గది గోడే అదిరింది. మూడు దెబ్బలు. రొట్టెల మీద సున్నం రాలింది. గోడ నడిమధ్య పిడికిలంత బొక్క పడింది.

“కొట్టు కాకా, జవాబు కొట్టు!”

రాజలింగు చెయ్యి లేవలేదు. ఇన్నయ్యే గోడ దగ్గరికి దూకి పిడికిలి ఎత్తాడు.

అది గోడను తాకకముందే, అవతలి గచ్చు మీద పిన్ను పడి ఖంగుమంది.