ముగ్గురి ఒక్క మాట

“నీ ప్రాజెక్టులో ఈ కిటికీ కోసం పోట్లాడే మాస్టారు ఎవరమ్మా?” అన్నారు తత్వశాస్త్రం మాస్టారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

“పేర్లు రాయలేదు సార్,” అంది అమ్మాయి.

“పేరెందుకు? ‘మెడకి మఫ్లర్ చుట్టుకుని మరీ కిటికీ తెరవమనే పెద్దమనిషి’ అని రాశావు. ఈ గదిలో మఫ్లర్ ఎవరికుంది?”

ఎవరికుందో అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, చటుక్కున మఫ్లర్ తీసి సొరుగులో కుక్కేశారు.

అది తత్వం, రాజకీయం, ఆర్థికం మూడూ కలిపి చెప్పే పీజీ. శాస్త్రాలైతే కలిశాయిగానీ, చెప్పేవాళ్ళు కలవలేదు. కిటికీ తెరవాలని ఒకరు, మూయాలని ఒకరు, సగం చాలని ఇంకొకరు. అమ్మాయి ఏడాది పొడుగునా వాళ్ళ స్టాఫ్ రూములో ఓ మూల కూర్చుని అన్నీ చూసి, ‘ముగ్గురు మేధావులు ఒక్క మాట మీదికి రావడం అసంభవం’ అని ప్రాజెక్టు రాసిపారేసింది. ఇవాళ దానికి వైవా. ప్రశ్నలు వేసేది ఆ ముగ్గురే. ముగ్గురూ ఒక్కమాటగా పాస్ అంటేనే పాస్. సోమవారం ఆమె ఓ పత్రిక ఆఫీసులో చేరాలి. ఈ పాస్ లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది.

“నా సంగతి చూడండి! ‘ఎదురుగా ఒక్కడే ఉన్నా సభకి చెప్పినట్టే మాట్లాడతారు’ట!” అన్నారు రాజనీతి మాస్టారు. ఆ గొంతుకి కిటికీ అద్దం గలగలలాడింది.

“నన్నయితే చెంచాడు పంచదారకి కూడా లాభనష్టాలు చూస్తానంది,” అన్నారు ఆర్థికశాస్త్రం మేడమ్. “చూస్తాను మరి. చూడకుండా ఎవరైనా వేసుకుంటారా?”

“నువ్వు కాస్త బయట కూర్చోమ్మా,” అన్నారు రాజనీతి మాస్టారు, పళ్ళు బిగించి.

బయట బెంచీ మీద అమ్మాయి వాళ్ళమ్మ కూర్చుని ఉంది. “ఏమన్నారే?”

“బయట కూర్చోమన్నారు.”

“బుద్ధుందా నీకు? మార్కులేసే వాళ్ళ మీదే రాస్తావా? రాయడానికి ఇంకెవరూ దొరకలేదూ?”

“ఇంత బాగా ఎవరూ దొరకలేదమ్మా,” అంది. నవ్వబోయిందిగానీ నవ్వు రాలేదు. నిజంగానే భయం వేసింది పిల్లకి.

లోపల తత్వశాస్త్రం మాస్టారు గొంతు సవరించుకున్నారు. “చూడండి. మనం ముగ్గురం పాస్ అన్నామనుకోండి, ఒక్క మాట మీదికి వచ్చినట్టే. అంటే ఆ పిల్ల రాసింది తప్పన్నమాట. తప్పు రాసిన పిల్లని ఎలా పాస్ చేస్తాం?”

“అయితే ఫెయిల్ చేద్దాం,” అన్నారు రాజనీతి మాస్టారు.

“నాదీ అదే మాట,” అన్నారు మేడమ్.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళ కొలువులో ఇదే మొదటిసారి. రాజనీతి మాస్టారికి కళ్ళు చెమర్చాయి కూడా.

“ఫెయిల్ అంటే ముగ్గురి తరఫునా ఒకే కారణం రాయాలి. రూలు,” అన్నారు మేడమ్, పెన్ను మూత తీసి. “ఏం రాయమంటారు?”

“తర్కదోషం,” అన్నారు తత్వశాస్త్రం మాస్టారు.

“తర్కం ఎవడిక్కావాలండీ! పెద్దవాళ్ళ అధికారాన్ని పలచన చేసే ఎత్తుగడ అని రాయండి,” అన్నారు రాజనీతి మాస్టారు.

“మనకి అధికారమా? కిటికీ మూయించుకునే దిక్కు లేదు నాకు! ఆ పిల్ల ముగ్గుర్నే చూసి లోకం మొత్తానికి సూత్రం చెప్పేసింది. లెక్క చాలదు, అదే కారణం,” అన్నారు మేడమ్.

“లెక్క తప్ప ఇంకేమీ కనిపించదా మీకు?” అన్నారు రాజనీతి మాస్టారు.

“లెక్క మొదలెట్టిందే మా తత్వవేత్తలు!”

“మీవాళ్ళు మొదలెట్టారుగానీ ముగించిందేదైనా ఉందా?”

బయట వాళ్ళమ్మ బెంచీ అంచుకి జరిగింది. “ఏమే, కొట్టుకు చచ్చేలా ఉన్నారే! వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి ఆపరాదూ?”

“నువ్వూరుకో అమ్మా. వాళ్ళు ఆపితేనే నా కొంప మునుగుతుంది.”

సాయంత్రం కావస్తోంది. లోపల గొంతులు ఒకసారి తగ్గాయి. అమ్మాయి తలుపుకి చెవి ఆనించింది. అంతలో మళ్ళీ లేచాయి, అమ్మయ్య అనుకుంది. చివరికి అటెండరు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“గది మూసెయ్యాలండీ.”

మేడమ్ విసిగిపోయి పెన్ను బల్ల మీద పడేశారు. “ఒకమాట అడుగుతాను. పాస్ చేస్తే కారణం రాయక్కర్లేదు కదా?”

మిగతా ఇద్దరూ రూలు కాగితం వెతికి చదివారు. అక్కర్లేదు.

ముగ్గురూ సంతకాలు పెట్టేశారు. అమ్మాయిని లోపలికి పిలిచి కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం చూడగానే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. సోమవారం కుర్చీ తనదే!

తత్వశాస్త్రం మాస్టారు సొరుగులోంచి మఫ్లర్ తీసి మళ్ళీ మెడకి చుట్టుకున్నారు. “విన్నావా అమ్మాయ్? ఏకగ్రీవంగా పాస్ చేశాం. ఏ-క-గ్రీ-వం-గా! అంటే నువ్వు రాసింది తప్పు. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటాను సార్. శుద్ధ తప్పు,” అంది అమ్మాయి, కాగితం భద్రంగా సంచిలో పెట్టుకుని. “ఎందుకు తప్పో ఒక్క ముక్క చెప్పండి సార్. చివర చేర్చేస్తాను.”

“అది నేను చెప్తాను, రాసుకో,” అన్నారు మాస్టారు.

“మీరెందుకండీ, నేను చెప్తాను,” అన్నారు రాజనీతి మాస్టారు.

“ఇద్దరూ ఆగండి!” అన్నారు మేడమ్.

అమ్మాయి మెల్లిగా బయటికి జారుకుని, తలుపు దగ్గరగా వేసింది.

“పాసేనా?” అంది వాళ్ళమ్మ.

“పాస్!”

వాళ్ళమ్మ కూతురి బుగ్గలు రెండూ నిమిరింది. అంతలో లోపల బల్ల మీద దబ్బున చప్పుడైంది, కిటికీ అద్దం మళ్ళీ గలగలలాడింది. “మరింకా ఆ రభసేమిటే?”

“నేను రాసింది తప్పని ఏకగ్రీవంగా తేలిందమ్మా. ఎందుకు తప్పో తేలడం లేదు.”